ఎవలడుగుతాన్రు?

వాన ఎప్పుడు పడుతుందో చెప్పే యాప్ ఒకటి నా ఫోన్లో ఉంది. మొన్న హన్మకొండలో మబ్బు పట్టింది. బట్టలు ఆరేయాలా వద్దా అని దాన్ని తెరిస్తే, వాన సంగతి వదిలేసి నా ఫోన్ సంగతి ఎత్తుకుంది. మీ ఫోన్ వర్షన్ పాతది, ఇందులో నేను పనిచేయను అంది. నిన్నటిదాకా ఇదే ఫోన్లో సుబ్బరంగా పనిచేసింది. నేనడిగిందేమిటి, అది చెప్పేదేమిటి? ఒళ్లు మండింది. ఆ మంటలోనే, ముప్పై ఏళ్లు దాటాక, ఒక మనిషి గొంతు చెవిలో వినబడింది. "అది పని అడుగలే బిడ్డా. నంబరడిగి వాపస్ పంపింది." ఈలోగా వాన పడి బట్టలు తడిశాయి.

ఆ గొంతు మా మొలకల సార్‌ది. ఎనభైల చివర్లో వరంగల్‌లో ఒక రైతుల విత్తనాల సంఘంలో నేను పనికి కుదిరాను. ఆఫీసూ గోదామూ ఒకే ఆవరణలో ఉండేవి. ఆఫీసు వెనక గదిలో బల్లల నిండా తడి గోనె గుడ్డలు. సంఘానికి వచ్చిన ప్రతి విత్తనం కుప్పలోంచి నూరు గింజలు తీసి, తడి గోనెలో చుట్టి పెట్టి, రోజులు నిండాక విప్పి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టడం ఆయన పని. డెబ్బైల మొదట్లో చేరి పదిహేనేళ్లు అదే పని చేశాడు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయన కూడా తిరిగి చూసేవాడు కాదు.

మొలకలు లెక్కపెట్టే మనిషి కంప్యూటర్ ముందుకు ఎలా వచ్చాడంటే, అందులో ఎవరి తెలివీ లేదు. పక్క సంఘం వాళ్లు కంప్యూటర్ కొన్నారని తెలిసి మా ప్రెసిడెంటుకు అన్నం సహించలేదు. మేమూ కొన్నాం. కొబ్బరికాయ కొట్టి, తెర మీద కుంకుమబొట్టు పెట్టి, కవరు కప్పి మూడు నెలలు ఉంచాం. గుమాస్తాకు షాకు కొడుతుందని భయం, సెక్రటరీకి చెడిపోతే మాట వస్తుందని భయం. దుమ్ము తుడవమని ఈయన్ని పంపితే, తుడిచి ఊరుకోకుండా ఆన్ చేశాడు. సాయంత్రానికి గుమాస్తా పేరు తెర మీద కనబడింది. గుమాస్తా దండం పెట్టాడట.

కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి లెక్కల్లో బి.ఎస్సీ. ఉండాలని సంఘం తీర్మానం రాసుకుంది. ఈయన్ని మాత్రం ఎవరూ కాగితం అడగలేదు. నోటితో అడిగారు, ఆయన నోటితోనే జవాబు చెప్పాడు. కంప్యూటర్ ఉద్యోగం మాత్రం తాత్కాలికం. పర్మినెంటు చేయాలంటే సంఘం మీటింగులో చదువు సంగతి తేలాలి. తేలిందా, ఆ కుర్చీ పోతుంది, మళ్లీ తడి గోనెల దగ్గరికే. ఎలుకకు, బల్లికి, ప్రెసిడెంటుకు కూడా భయపడని మనిషి ఆ మీటింగు పేరెత్తితే మాత్రం మాట మార్చేవాడు.

మనిషి బక్కపలచన. ఎండాకాలం మెడకు తడి తువాలు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, దాన్నే బల్లంతా వెతికేవాడు. కంప్యూటర్ గది బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాడు. రెండే వేళ్లతో టైపు చేసేవాడు. ఫ్లాపీ పెట్టాక డబ్బాకు చెవి ఆనించి, "ఆగు, సోంచాయిస్తాంది" అనేవాడు, అది ఆలోచిస్తోందన్నట్టు. టిఫిన్ డబ్బాలో ఎప్పుడూ మొలకెత్తిన పెసలు. పరీక్షకు వచ్చిన గింజలేనేమోనని నాకు అనుమానం ఉండేది, అందుకే ఒక్కనాడూ తినలేదు.

ఆయనకు సాయంగా ఒక మనిషి కావాలంటే నేను వర్ధన్నపేట నుంచి బస్సులో మొదటిసారి వచ్చిన రోజు ప్లాస్టిక్ ఫైలు గుండెకు అదుముకుని ఆయన ముందు నిలబడ్డాను. అందులో ఇంటర్ మెమో, టైపు లోయర్ పాసైన సర్టిఫికెట్ ఉన్నాయి. ఫైలు బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని తెరవకుండా దాని మీదే పిడికెడు పత్తి గింజలు పోశాడు.

"నూరు గింజలు లెక్కవెట్టు బిడ్డా."

లెక్క మొదలుపెట్టగానే ఆయన మాటలు మొదలుపెట్టాడు. ఏ బస్సుల వచ్చినవ్, సీటు దొరికిందా, మీ నాయిన ఏం బెడ్తడు, పత్తా మిర్చా, మీ దిక్కు వానలెట్లున్నయ్. బదులు చెప్పకపోతే మర్యాద కాదు, చెబితే లెక్క తప్పుతుంది. రెండుసార్లు తప్పింది. మూడోసారి మర్యాద మానేసి తల వంచుకుని లెక్కపెట్టాను.

"ఎన్నొచ్చినయ్?"

"తొంభై ఏడు సార్."

"నూరు లెక్కవెట్టుమన్న గద."

"నూరు లేవు సార్. తొంభై ఏడే ఉన్నయ్."

కళ్లజోడు నుదుటి మీదికి తోసి నన్ను చూశాడు. "రేపటి సంది రా" అని ఫైలు నా చేతిలో పెట్టాడు. నాకన్నా ముందు వచ్చినవాళ్లంతా నూరే ఉన్నాయన్నారని, గింజలు ముందే తొంభై ఏడు లెక్కపెట్టి ఉంచాడని తర్వాత గుమాస్తా చెప్పాడు. నా ఫైలు ఆయన చివరిదాకా తెరవలేదు. టైపులో నాకు మంచి మార్కులు వచ్చాయి, ఆ సంగతి చెప్పుకునే భాగ్యమే కలగలేదు.

ఎందుకు తెరవలేదని ఒకసారి అడిగాను.

"మా నాయినకు చదువు రాదు. విత్తనాల సంచి మీద ఏం రాసిన్రో ఆయనకు ఎర్కలే. ఇంటికి తెచ్చి నూరు గింజలు తడి గోనెల కట్టి సూశెటోడు. సంచి మీద రాసినోడు అబద్ధమాడొచ్చు. గింజకు ఆడరాదు" అన్నాడు.

ఇంత మాట అన్న మనిషి తాను మాత్రం ఏ ప్రశ్నకూ నేరుగా జవాబు చెప్పడు. ఏది అడిగినా ఆయన నోట ముందు వచ్చే మాట ఒకటే. "ఎవలడుగుతాన్రు?" ఫోన్ మోగితే అదే. సార్ ఉన్నాడా అని ఎవరైనా ఎదురుగా వచ్చి ఆయన్నే అడిగినా అదే. అన్నం తిన్నారా అంటే, అడిగింది చాయ్ హోటలాయన అయితే తినలేదు, ఇంటి నుంచి కబురైతే తిన్నాడు. టైమెంత సార్ అని నేను అడిగితే ఎప్పుడూ పది నిమిషాలు ఎక్కువ చెప్పేవాడు. నా చివరి బస్సు తప్పిపోకూడదని. అది కనిపెట్టడానికి నాకు ఆరు నెలలు పట్టింది. కనిపెట్టాక ఆ పది నిమిషాలు తీసేసి లెక్కేసుకుని, ఒకరోజు బస్సు అందుకోలేకపోయాను. ఆ రోజు ఆయన సరైన టైము చెప్పాడట.

ఆయన చదువు సంగతీ ఇంతే. ప్రెసిడెంటుకు లెక్కల బి.ఎస్సీ. అని చెప్పాడు, అదీ నాగపూర్‌లో. అంత దూరం పోయి ఎవరు చూసొస్తారు? సెక్రటరీకి రేడియో డిప్లొమా అని చెప్పాడు, స్క్రూడ్రైవర్ పట్టుకుంటే అడ్డుపడకుండా. నాకేమో ఇంటరే, ఇంగ్లీషు పోయింది అన్నాడు. నాకన్నా తక్కువ చదివిన మనిషి దగ్గర నేర్చుకోవడానికి నేను జంకననుకున్నాడు కాబోలు. నిజానికి నేను గర్వపడ్డాను. నాకు ఇంగ్లీషు పోలేదు కదా.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఎవరికి ఎంత చెబితే పని సాగుతుందో అంతే చెప్పేవాడు, పిసరంత ఎక్కువ చెప్పేవాడు కాదు. అదీ ఒక నిజాయితీయే అని నేను ఆ రోజుల్లో గట్టిగా వాదించేదాన్ని.

నేను చేరిన మరుసటి ఏడు మృగశిర కార్తెకు పన్నెండు రోజుల ముందు మా కంప్యూటర్‌ను ఎలుక చంపింది. విత్తనాల గోదాములో ఎలుకలుండటం వింత కాదు. పల్లీలు దాచుకోవడానికి వెచ్చటి చోటు వెతుక్కుంటూ డబ్బాలో దూరి వైరు కొరికింది. ఎలుకా పోయింది, కంప్యూటరూ పోయింది. హైదరాబాదు నుంచి లారీలో కొత్తది తెప్పించారు.

కంప్యూటర్ లేకపోతే ఏమయిందని మీరు అడగొచ్చు. గోదాము నుంచి విత్తనం సంచి బయటికి పోవాలంటే దానికి ట్యాగు కట్టాలి. విత్తనం పేరు, కుప్ప నంబరు, నూటికి ఎన్ని మొలిచాయి అన్నది దాని మీద ఉండాలి. అంతకు ముందు ఏడు ఎవరో మా చేతిరాత ట్యాగులకు నకళ్లు రాసి బజారులో పుచ్చు గింజలు అమ్మారు. దాంతో మా ప్రెసిడెంటు జీపుకు మైకు కట్టించి, కంప్యూటర్ ట్యాగు లేని సంచిని నమ్మొద్దని ఊరూరా చెప్పించాడు. రైతులు ఆ మాట నమ్మారు. చేతితో రాసిస్తామన్నా ఇప్పుడు తీసుకునేవాడు లేడు.

ట్యాగులు అచ్చువేసే ప్రోగ్రాంను హైదరాబాదు ఇంజనీరు ఒకాయన రాసిచ్చాడు. కొత్త డబ్బాలో ఆ ఫ్లాపీ పెట్టాం. తెర మీద ఒక్కటే లైను వచ్చింది. ఇన్‌కరెక్ట్ డాస్ వర్షన్.

"ఏమంటాంది సార్?" అన్నాను.

"డబ్బాల అందరికన్న ముందు లేసి కూసునేది డాస్. ఇంటి పెద్దమనిషి అనుకో. ఏ ప్రోగ్రామొచ్చినా ముందుగాల గాయిన్ని పలకరిస్తది. నీ నంబరెంత అంటది. ముందటి అంకె ఒకటి, ఎనకటి అంకె ఒకటి, రెండు చెప్తడు. పాత డబ్బాల మూడు, ఇరవై. గీ కొత్త దాంట్ల మూడు, ముప్పై."

"ముప్పై పెద్దదే గద సార్?"

"పెద్దదే. ఇరవై చేసే పనులన్ని చేస్తది, ఇంక రెండెక్కువ చేస్తది. గని ఇంజనీరు సారు మూడు-ఇరవై అవునా కాదా, గంతే అడుగుమన్నడు. కాదన్నది, తలుపేసుకున్నది."

"ఇరవై, ఆ పైన ఎంతైనా సరే అని రాయొచ్చు గద?"

"రాయొచ్చు. ఇంక మంచిగ రాయాల్నంటే నంబరే అడుగొద్దు. నీకేం పని గావాలె? ఫైలు తెరువుమను. తెరిస్తే మంచిదే, తెరువకపోతే అప్పుడు కొట్లాడు. గీయినె గింజ తడుపకుంట సంచి మీద పేరు చదివి వద్దన్నడు."

పాత డాస్‌నే ఇందులో ఎక్కిద్దామంటే దాని ఫ్లాపీకి గోదాము చెమ్మకు బూజు పట్టింది. ఇంజనీరుకు ట్రంకాల్ చేశాం. పది రోజులకు గానీ రాలేనన్నాడు. "నేను మూడు-ఇరవై మీదే పరీక్షించానండి. వేరేదాని మీద నడిచి తప్పు ట్యాగు పడితే రైతులు ఎవరిని తిడతారు? నన్నే కదా?" అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాటలో న్యాయం ఉంది. ఆ రోజు మాత్రం ఫోన్ పెట్టేశాక ఆయన్ని నేను ఏమన్నానో ఇక్కడ రాయను.

ములుగు దిక్కు నుంచి జీపుల్లో వచ్చిన రైతులు ఆవరణలోనే మూడు రాళ్లు పెట్టి వండుకుంటున్నారు. అందులో ఒక ముసలాయన రోజూ పొద్దున కిటికీ దగ్గరికి వచ్చి, "ఆ డబ్బా ఇయ్యాలన్న ఒప్పుకున్నదా బిడ్డా?" అని అడిగేవాడు. మబ్బులు కమ్ముతున్నాయి. అదును తప్పితే ఏడాది పంట పోతుంది.

సార్ దగ్గర ఎవరో కాలేజీ వాళ్లు ఇచ్చిన లావు జిరాక్సు పుస్తకం ఒకటి ఉండేది. మూడు రోజులు దాన్ని ముందేసుకుని, పాత ట్యాగుల వెనక అంకెలు రాస్తూ కూర్చున్నాడు.

"రెండే తొవ్వలున్నయ్ బిడ్డా. అడిగేటోని నోరు మూసుడు, లేకపోతే చెప్పేటోని నోట్ల మాట పెట్టుడు. ఇంజనీరు సారు ప్రోగ్రాంల వేలు పెట్టుడు తప్పు. అది ఆయన సొత్తు. డాస్ మన ఇంట్లది. దానికే చెప్త."

నాలుగో రోజు చిన్న ప్రోగ్రాం ఒకటి తయారైంది. అది డాస్ గడపలో కూర్చుంటుంది. ఎవరు నంబరు అడిగినా డాస్ నోరు తెరవకముందే "మూడు, ఇరవై" అని చెప్పేస్తుంది. ట్యాగుల ప్రోగ్రాం దాన్ని నమ్మి లోపలికి వచ్చింది. ప్రింటర్ గర్రుమంది. మొదటి ట్యాగు చేతికి రాగానే సార్ దాన్ని మొలకల రిజిస్టర్‌తో అంకె అంకెకూ పోల్చి చూశాడు. ఒకటి కాదు, మొదటి నూరు ట్యాగులూ చూశాడు. నాకు విసుగొచ్చింది. నూరు చూడందే ఆయనకు తృప్తి లేదు.

మరునాడు అసలు తమాషా జరిగింది. ట్యాగుల లిస్టు దాచిపెట్టడానికి కొత్త ఫ్లాపీని సిద్ధం చేయబోతే, ఆ పని చేసే ఫార్మాట్ అనే ప్రోగ్రాం కూడా "ఇన్‌కరెక్ట్ డాస్ వర్షన్" అంది. అది బయటిది కాదు. కొత్త డాస్‌తో పాటు అదే డబ్బాలో, అదే లారీలో వచ్చింది. అదీ వస్తూనే నంబరు అడిగింది. తన ఇంటి పెద్ద మూడు-ముప్పై అని దానికి తెలుసు, గడపలో మనవాడు మూడు-ఇరవై అన్నాడు. సొంత ఇంటి మనిషే ఇది మా ఇల్లు కాదని వెళ్లిపోయింది.

సార్ కళ్లజోడు నుదుటి మీదికి తోసి కడుపు పట్టుకుని నవ్వాడు. "తప్పు నాదే. నేనైతే ముందుగాల ఏమడుగుత?"

"ఎవలడుగుతాన్రు అని అడుగుతరు."

"మరి దానికి నేర్పలే గద!"

ప్రతి ప్రోగ్రాం వచ్చేటప్పుడు తన పేరు ఒక మూలన రాసుకుని వస్తుందట. గడపలో కూర్చున్నది ఇప్పుడు ముందు ఆ పేరు చదువుతుంది. ట్యాగుల ప్రోగ్రాం అడిగితే మూడు-ఇరవై, ఇంకెవరు అడిగినా మూడు-ముప్పై. సాయంత్రానికి అందరూ సంతోషంగా పనిచేస్తున్నారు, ఎవరికి కావలసిన జవాబు వాళ్లకు దొరికింది. ఆ ప్రోగ్రాంకు ఏం పేరు పెట్టమంటావని నన్నే అడిగాడు. ఇంగ్లీషు అక్షరాల్లో 'ఎవలు' అని పెట్టాం.

సంచులు కదిలాయి. కిటికీ ముసలాయన జీపు ఎక్కుతూ డబ్బాకు దండం పెట్టాడు. మొన్నటిదాకా తిట్టింది కూడా దాన్నే. మృగశిర రెండో రోజు వాన పడింది.

హైదరాబాదు ఇంజనీరు చెప్పిన రోజుకే వచ్చాడు. తన ప్రోగ్రాం నడవదనుకుని దాన్ని బాగుచేయడానికి వచ్చిన మనిషికి, అది నడుస్తూ కనబడింది. డాస్ నంబరు చూశాడు, మూడు-ముప్పై. తన ప్రోగ్రాం చూశాడు, ట్యాగులు పడుతున్నాయి. మొహం ఎర్రబడింది. పొద్దంతా వెతికి 'ఎవలు' దగ్గర ఆగాడు.

"ఇది ఎవరు రాశారు? మీరా? ఎక్కడ చదువుకున్నారు మీరు?"

"ఎవలడుగుతాన్రు?"

"నేనేనండీ, ఎదురుగానే ఉన్నాను కదా!"

"మిల్ట్రీల సార్. సిగ్నల్స్."

ఆయన పోతూ పోతూ ప్రెసిడెంటుకు కాగితం రాసిచ్చాడు. అర్హత లేని మనిషెవరో తన ప్రోగ్రాంకు అబద్ధం చెప్పాడని, అతని చదువు ఏమిటో తేల్చకపోతే తన పూచీ లేదని. నెల తిరక్కుండా మీటింగు పెట్టారు. సార్ పర్మినెంటు కాగితం కూడా ఆ రోజే బల్ల మీదికి వచ్చింది. ప్రెసిడెంటు, సెక్రటరీ, డైరెక్టర్లు, హైదరాబాదు ఇంజనీరు. నేను మూలన కూర్చుని మినిట్సు రాస్తున్నాను.

"మనోనిది డిగ్రీ గద, నాగపూర్‌ల" అన్నాడు ప్రెసిడెంటు.

"డిప్లొమా కాదా పటేలా?" అన్నాడు సెక్రటరీ.

"నాతో మిలిటరీ అన్నారు" అన్నాడు ఇంజనీరు.

అందరూ ఆయన వంక తిరిగారు. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి పోయింది.

"ఎవలడుగుతాన్రు?" అన్నాడు అలవాటుగా. గొంతు మాత్రం అలవాటుగా లేదు.

"అందరం అడుగుతానం" అన్నాడు ప్రెసిడెంటు.

మెడ మీది తువాలు తీసి మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పది ఫెయిలు పటేలా. లెక్కల్ల."

ముందు ప్రెసిడెంటు నవ్వాడు. ఆ వెంటనే గదంతా నవ్వింది. డైరెక్టర్లలో ఒకాయనకు పొలమారి నీళ్లు తాగించాల్సి వచ్చింది. నేనూ నవ్వాను. నాకు ఇంటర్ అని చెప్పిన మనిషి, ఇంతమంది ముందు అదును చూసి జోకు వేశాడనుకున్నాను. కలం కింద పెట్టి మరీ నవ్వాను.

"సూసిన్రా, ఎంత చదివితే గంత వినయం" అన్నాడు ప్రెసిడెంటు. ఇంజనీరు వైపు తిరిగి, "ఏం సారూ, పదో తరగతి ఫెయిలైనోడు మీ తాళం తీసిండంటరా?" అన్నాడు.

ఇంజనీరు నవ్వడం ఆపాడు. పాపం, ఆలోచించుకోవడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. తన ప్రోగ్రాంను దాటిపోయింది పది ఫెయిలైన మనిషి అని ఒప్పుకోవడం కన్నా డిగ్రీ ఉన్నవాడని ఒప్పుకోవడమే ఆయనకు మేలు. "లేదండీ, కనీసం బి.ఎస్సీ. అయినా ఉండాలి. లేకపోతే ఆ పని సాధ్యం కాదు" అన్నాడు. తను రాసిన ఫిర్యాదును తానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పటేలా, నేను నిజమే..." అని సార్ లేవబోయాడు.

"కూసో వయా, ఇంక సాలు" అన్నాడు ప్రెసిడెంటు. నా వైపు చూసి, "బి.ఎస్సీ., లెక్కలు అని రాయమ్మా. పర్మినెంటు" అన్నాడు. నేను నా చేత్తోనే రాశాను, చక్కటి అక్షరాలతో.

ఆ తర్వాత వారం పది రోజులు ఆయన నోట "ఎవలడుగుతాన్రు" వినబడలేదు. ఫోన్ మోగితే ఎత్తి ఊరికే "హలో" అనేవాడు. పంటి నొప్పి అనుకున్నాను. పర్మినెంటు అయినందుకు మిఠాయి పెట్టించలేదని గుమాస్తా, నేనూ కలిసి చాటుగా పిసినారి అని కూడా అనుకున్నాం.

మరో ఏడాదిన్నరకు, చలికాలం పొద్దున గుండె నొప్పితో దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. పదకొండో రోజు ధర్మసాగర్ దగ్గర వాళ్ల ఊరికి నేను బస్సులో వెళ్లాను. సంఘం తరఫున పెద్ద ఫోటో కట్టించి పంపారు. ఫోటో కింద పేరు, పేరు పక్కన బి.ఎస్సీ. ప్రెసిడెంటు చెప్పి రాయించాడు. వచ్చినవాళ్లంతా చదివి తలలాడిస్తున్నారు.

ఆయన భార్యను నేను అంతకు ముందు చూడలేదు. గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. నన్ను పక్కన కూర్చోమంది.

"ఆ ఫోటో మీద ఏం రాసిన్రు బిడ్డా? నాకు చదువరాదు."

చదివి చెప్పాను.

"అవునా? ఎంత చదివిండు మరి ఆయినె? నీకేం చెప్పిండు?"

"నాకు ఇంటర్ అని చెప్పిన్రు పెద్దమ్మా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "పది ఫెయిలు బిడ్డా. లెక్కల్ల. పెండ్లికి ముందే బాయికాడ నాకొక్కదానికే చెప్పిండు. ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పుమన్నడు. మల్ల ఎవలకు చెప్పలే. ఆ మీటింగుల చెప్పిండట. ఆ పొద్దు ఇంటికొచ్చి అన్నం ముట్టలే. నౌకరి ఉన్నదా పోయిందా అంటే ఉన్నదన్నడు. మరెందుకు తినవయ్యా అంటే, జిందగీల ఒక్కపారి నిజం చెప్తే అందరు నవ్విన్రే అన్నడు."

ఆ రోజు మీటింగులో నేను కలం కింద పెట్టిన చప్పుడు మళ్లీ వినబడింది.

"ఆ మీటింగుల నువ్వు గూడ ఉన్నవా బిడ్డా?"

లేను అనొచ్చు. అన్నా ఎవరికీ తెలియదు. ఆమెకు ఎంత చెబితే ఆమె మనసు కుదుటపడుతుందో అంతే చెప్పడం నాకు నేర్పింది కూడా ఆయనే. నేను ఉన్నాను గానీ నవ్వలేదని చెబితే ఆమెకు కొంచెం ఓదార్పుగా ఉండేది. ఫోటో వంక చూడలేకపోయాను.

"ఉన్న పెద్దమ్మా. నేను గూడ నవ్విన."

ఆమె నా చేయి తన చేతిలోకి తీసుకుంది.

"ఎర్కే బిడ్డా. ఆయినె చెప్పిండు."

"మరి ఎర్కుండి ఎందుకడిగినవ్ పెద్దమ్మా?"

"తొంభై ఏడు చెప్పిన పిల్లవు నువ్వేనా కాదా అని సూసిన."